సిగ్గుల మేస్త్రి

కూతురి ఫోటో ఒకటి కావాలి. పెద్దది చేయించి ముందుగదిలో తగిలించాలి. పిల్ల పోయాక ఇంట్లో మిగిలిన పని అదొక్కటే. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసిన మనిషికి, కన్నకూతురు కళ్ళెత్తి చూస్తున్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి దొరకడం లేదు. పొద్దుటినుంచి స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని వెతుకుతున్నాడు. దొరికినవన్నీ తల దించుకున్నవే. దించమన్నది ఎవరయ్యా అంటే, తనే.

వీధిలో ఆయన్ని సిగ్గుల మేస్త్రి అంటారు. గోడ కట్టేవాడు ఇటుకలు పేర్చినట్టు, పెళ్ళికూతురి ముఖంలో సిగ్గు పేర్చేవాడు. "ఏమ్మా, అబ్బాయి పారిపోయేట్టున్నాడు, కాస్త ఓరగా చూసి ఆపు" అనేవాడు. అమ్మాయి ఫక్కుమనేది. ఆ నవ్వు దాచుకోవడానికి తల వంచేది. సరిగ్గా అప్పుడు నొక్కేవాడు. సిగ్గుల్లో రకాలన్నీ ఆయనకి కొట్టిన పిండి. చూడమంటే మూతి తిప్పుకుంటే బెట్టు. చూసేసి, చూడనట్టు గాజులు సర్దుకుంటే దొంగసిగ్గు. ఎవరో చూస్తున్నారని తెలిసి నడక మారిస్తే కులుకు. కోపం నటిస్తూ పెదవి చివర నవ్వు నొక్కిపెడితే గోము. "లెన్సులోంచి ఒక్కసారి చూస్తే చాలు, ఏ రకమో చెప్పేస్తా" అని గొప్పలు పోయేవాడు. ఆ గొప్పే కొంప ముంచింది.

కూతురు చిన్నప్పుడు మహా పెంకిది. కెమెరా ఎత్తితే చాలు, కళ్ళు పెద్దవి చేసుకుని మీదికొచ్చేది. "ఆడపిల్లవి, కాస్త తల దించితే ఎంత బాగుంటావో" అంటూ గడ్డం పట్టుకుని కిందికి వంచేవాడు. వంచి వంచి అలవాటు చేశాడు. చివరికి తండ్రి చేతిలో కెమెరా చూడగానే ఆ తల దానంతటదే వంగేది. ఆయనకి అదో ముచ్చట. ఆ ఫోటోలే స్టూడియో ముందున్న అద్దాల షోకేసులో పెట్టుకున్నాడు. సంబంధం తెచ్చినప్పుడు పిల్ల వద్దు అంటే, అదీ సిగ్గే అనుకున్నాడు మహానుభావుడు.

పెళ్ళయిన కొన్నాళ్ళకి ఆ పిల్ల ఒక సంచితో పుట్టింటికి వచ్చేసింది. ఎందుకో చెప్పలేదు. మర్నాడు అల్లుడు వస్తే, వంటింటి తలుపు వెనక తల దించుకుని నిలబడిపోయింది. మేస్త్రికి నవ్వొచ్చింది.

"బెట్టు చేస్తోందయ్యా. నువ్వే కాస్త బతిమాలుకో," అన్నాడు అల్లుడితో.

భార్య ఆయన్ని పక్కకి లాగింది. "ఇది బెట్టు కాదండీ. దాని చేతులు చూడండి, ఎలా వణుకుతున్నాయో."

"ముఖాలు చూసి బతికేవాణ్ణి. నాకు చెప్తావా?"

కూతురే దగ్గరికొచ్చింది. నేల చూపులు చూస్తూనే, "నాన్నా, నేను వెళ్ళను," అంది.

"ఆ మాత్రం అనకపోతే అతనికి నీ విలువేం తెలుస్తుంది? అన్నావుగా, ఇక చాలు. పద."

సంచి తనే మోసుకెళ్ళి ఇద్దరినీ కారెక్కించాడు. కారు కదిలేదాకా జోకులు వేస్తూనే ఉన్నాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదన్న సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది.

నెల తిరక్కుండా కబురొచ్చింది. మెట్ల మీంచి జారిపడిందని అటువైపు వాళ్ళన్నారు. మెడ మీద వేళ్ళ గుర్తులు తల్లి చూసింది. పోలీసులు వచ్చి అల్లుణ్ణి తీసుకెళ్ళారు. సంచి మోసి పంపించినవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

సాయంత్రానికి, పనికిరావని పక్కన పడేసిన ఫోటోల్లో ఒకటి దొరికింది. పెళ్ళినాటిది. లైట్లు సరిచూసుకోవడానికి తను ఊరికే నొక్కిన ఫోటో. పిల్ల ఇంకా తల దించలేదు. సూటిగా కెమెరాలోకి, అంటే తండ్రి కళ్ళలోకే చూస్తోంది. ఏదో అడగబోతున్నట్టు పెదవులు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. అప్పుడు తనేమన్నాడో మేస్త్రికి మాట పొల్లుపోకుండా గుర్తుంది. "కళ్ళు దించు తల్లీ, ఫోటో పాడవుతుంది."

ఆ చూపు ఏ రకమో ఇప్పుడు ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. భయం. దాన్ని ఆ రోజే లెన్సులోంచి చూశాడు. చూసి, పనికిరాదని పక్కన పడేశాడు.

భార్య ఎప్పుడొచ్చిందో, కుర్చీ వెనక నిలబడి చూస్తోంది.

"ఇది వద్దులే," అన్నాడు. "షోకేసులో ఉన్నవాటిలో ఏదో ఒకటి వేద్దాం."

"ఇదే వేయండి," అందామె. ఏడవలేదు. "ఇంట్లో మీ కుర్చీకి ఎదురుగా తగిలించండి."

ఈసారి ఆయన ఆమె మాటకి ఎదురు చెప్పలేదు. తనే ఫ్రేము కట్టాడు, తనే మేకు కొట్టాడు. అప్పటినుంచి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా తల దించుకునేది మేస్త్రే.