చిరగని జెల్ పట్టీ

2023 వేసవి. అల్లూరు దగ్గర మాదొక చిన్న యూనిట్. కాలిన గాయాలకు వేసే హైడ్రోజెల్ పట్టీలు తయారుచేస్తాం. హైడ్రోజెల్ అంటే ఒళ్లంతా నీళ్లు పట్టి ఉంచుకునే పాలిమర్. చల్లగా ఉంటుంది, పుండుకు అంటుకోదు. చిక్కల్లా బలం లేకపోవడమే.

నెల్లూరులో ఒక ఆసుపత్రి వాళ్లు మా పట్టీలు వాడి చూస్తున్నారు. అక్కడి నర్సు ఎస్తేరు గారు ఒకరోజు ఫోన్ చేసి నన్ను కడిగేశారు.

"ఏంది సార్ ఇది? తీస్తా ఉంటే ముక్కలుముక్కలుగా వస్తా ఉంది. అవి ఏరేసరికి రమణమ్మక్క అల్లాడిపోయింది. ఇంకొక్కసారి చూస్తారంట డాక్టరు గారు. ఆ తరవాత మళ్లీ గాజుగుడ్డే!"

రమణమ్మ హోటల్లో వంట చేసేది. మరిగే సాంబారు చేతిమీద పడింది. గాజుగుడ్డ ఊడదీసిన ప్రతిసారీ కొత్త చర్మం కూడా లేచి వచ్చేదట. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు.

మా పనిలో కీలకం ఫ్రీజ్-థా. అంటే జెల్‌ను గడ్డకట్టించి, మెల్లగా కరగనిచ్చి, మళ్లీ గడ్డకట్టించడం. మెల్లగా కరిగేటప్పుడే లోపలి పాలిమర్ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుస్తాయి. ల్యాబ్‌లో నేను చేసినవి బాగానే సాగేవి, యూనిట్‌లో చేసినవే చిరిగేవి. ఫార్ములా మార్చినా లాభం లేకపోయింది. ఒళ్లు మండి, ఫ్రీజర్ గది దగ్గరే కాపు కాశాను.

ఫ్రీజర్ పని చూసే పద్మక్క అంతకుముందు రొయ్యల కంపెనీలో చేసింది. ట్రేలు బయటికి తీసి, పైపుతో వాటిమీద నీళ్లు కొట్టసాగింది.

"ఆగక్కా! ఏం చేస్తున్నావు?"

"ట్రే వదలొద్దా సార్? రొయ్యల బ్లాకులు ఇట్టనే గదా ఊడదీసేది!"

రొయ్యలకు అదే సరైన పద్ధతి. కానీ అంత తొందరగా కరిగిపోతే మా పోగులు బిగిసేదెప్పుడు?

"ఇవి రొయ్యలు కాదక్కా తల్లీ! చల్లగదిలో పెట్టెయ్యి, వాటంతట అవే కరుగుతాయి."

"అట్నా? ముందే చెప్పుంటే నాకీ నడుంనొప్పయినా తప్పేది గదా!"

కొత్త పట్టీలను రెండు చేతులతో లాగి చూశాను. సాగాయే గానీ చిరగలేదు. నేనే నెల్లూరు తీసుకెళ్లి ఇచ్చాను. వాటిని మార్చే రోజున మళ్లీ వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. రమణమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. ఎస్తేరు గారు అంచు పట్టుకుని మెల్లగా లేపారు. పట్టీ మొత్తం ఒక్కటిగా వచ్చేసింది.

"ఎప్పుడు తీస్తావు సిస్టరమ్మా? తొందరగా కానీ, భయంగా ఉండాది," అంది రమణమ్మ కళ్లు తెరవకుండానే.

"తీసేసినాను గదక్కా!"

హమ్మయ్య! వరండాలోకొచ్చి బెంచీమీద కూలబడ్డాను. బలాన్ని కొలిచే యంత్రం మా ల్యాబ్‌లో ఉంది. అది ఎంత మంచి అంకె చూపించినా సరే, తీసిన సంగతి పేషెంటుకు తెలియకపోతేనే ఇప్పుడు నేను ఆ పట్టీని గట్టిదని ఒప్పుకుంటాను.