మా ఆడవాళ్ళ చెవుడు

మా అమ్మ వైపు ఆడవాళ్ళకు చెవుడుంది. పెళ్ళికి ముందు అమ్మకు జ్వరం వస్తే వాకాడులో ఏదో సూది వేశారు. జ్వరం తగ్గింది, చెవులు పోయాయి. పిన్నికీ అంతే. అందుకే మా వాళ్ళు ఆస్పత్రికి వెళ్తే జబ్బు సంగతి తర్వాత, ముందు ‘మాకు ఆ సూది పడదు’ అంటారు. నేనూ చిన్నప్పటి నుంచి అలాగే చెప్పి చెవులు కాపాడుకున్నాను.

పోయిన వానాకాలం మూడేళ్ళ నా కూతురికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి నెల్లూరులో పిల్లల వార్డులో చేర్చాం. అమ్మ కూడా వచ్చింది. పరీక్షలు చేసి, ఆ జాతి సూదే వెయ్యాలన్నారు. నేను సైగలతో ఆ సంగతి చెప్పగానే అమ్మ మంచానికి అడ్డంగా కూర్చుంది.

“మా ఇంటి ఆడోళ్ళ చెవులు ఆ సూదే తినేసింది నాయనా. నా మనవరాలికి ఎయ్యొద్దు.”

డాక్టరు కసురుకోలేదు. నన్ను వరండాలోకి పిలిచి, ఆమె చెప్పేది నిజమే కావచ్చన్నాడు. మన కణాల్లో మైటోకాండ్రియా అని ఉంటాయట, వాటికి సొంత డీఎన్‌ఏ ఉంటుందట. అది తండ్రి నుంచి రాదు, తల్లి అండంతోనే బిడ్డకు చేరుతుంది. అందులో ఒక తేడా ఉన్నవాళ్ళకు ఈ మందు చెవులు పోగొడుతుంది. మీకుంటే పాపకూ ఉంటుంది, ఈ క్రిమేమో ఇక్కడున్న మిగిలిన మందులకు లొంగడం లేదు, వేరే మందు కోసం చెన్నైకి రాసిస్తాను, అన్నాడు.

పాప పెరిగింది నా కడుపులోనే గాని, నా అండంతో కాదు. నావి పనికిరావని తేలాక, ఎవరో అమ్మాయి ఇచ్చిన అండంతో కన్నాం. ఈ సంగతి నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. పాపకు తన ముక్కే వచ్చిందని అమ్మ ఊరంతా చెప్పుకుంటుంటే, ఔనౌనని వంత పాడినదాన్ని కూడా నేనే.

ఒళ్ళు కాలిపోతున్న బిడ్డను చెన్నైకే తీసుకుపోదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. బిడ్డ కోసం కాదు, నా పరువు కోసం. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. చివరికి గోడ వైపు చూస్తూ డాక్టరుకు నిజం చెప్పాను. అండం ఇచ్చినామె ఇంటి సంగతులు మనకు తెలియవు గాని, అందరి పిల్లలకు ఉండే భయమే తప్ప ఎక్కువేం లేదు, వేద్దాం అన్నాడు.

నర్సు సూది తెచ్చింది. అమ్మ పాప చెయ్యి వదల్లేదు. రాసి చూపిద్దామంటే ఆమెకు చదువు రాదు. సైగలు చేద్దామంటే అండానికి ఏం సైగ చెయ్యను? చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా చెప్పాను. ఏందీ అంది. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. మళ్ళీ ఏందీ అంది. ఇక అరిచాను.

“పాప నా అండంతో పుట్టలేదుమా. ఇంకొకామెది తీసుకున్నాం. మన చెవుడు దానికి లేదు.”

వార్డంతా ఇటు తిరిగింది. పక్క మంచం దగ్గర మా ఊరామె ఇడ్లీ తుంచుతూ ఆగిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ ముఖం చూడలేక నేల చూపులు చూశాను.

“మన చెవుడు దీనికి రాదా?” అంది అమ్మ.

రాదని తలూపాను. ఆమె పాప చెయ్యి తనే నర్సుకు అందించింది. కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

“ఇంత చల్లని మాట ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పకపోతివే?”