కార్పొరల్‌ని పడుకోబెట్టిన చల్లగది

అక్టోబరులో డార్విన్‌లో దిగాను. విమానం మెట్లు దిగేలోపే చొక్కా వీపుకి అంటుకుంది. ఆకాశం నిండా నల్లమబ్బు. వాన లేదు. వానాకాలానికి ముందు అక్కడ అంతే. మబ్బు పడుతుంది, ఉరుముతుంది, పోతుంది. ఆ ఉక్కలో మనిషి విసుక్కున్నా, తూలినా, ఒక మాటకి మరో మాట మాట్లాడినా "ట్రోపో అయ్యాడు" అంటారు. ఎండ తలకెక్కిందని. ఆ ఒక్క మాటతో అక్కడ అన్నిటికీ కారణం దొరికిపోతుంది.

నేను ఆస్ట్రేలియా సైన్యంలో మామూలు సిపాయిని. ఇల్లు పెర్త్‌లో, కానింగ్ వేల్ పేటలో. చేరకముందు ఒక పత్రికలో పనిచేశాను. అందుకని మా కార్పొరల్ నన్ను "న్యూస్‌పేపర్" అని పిలిచేవాడు. మిగతావాళ్ళూ అదే పట్టుకున్నారు.

1999 అది. యూనిట్‌లో సగం మంది సముద్రం అవతల డ్యూటీకి వెళ్ళారు. కార్పొరల్ జట్టు కూడా అక్కడే ఉంది. అంతకుముందు ఎండకి ఒకసారి పడిపోయాడని అతన్ని ఆపేశారు. కొత్త సంవత్సరం తర్వాత పంపిస్తామన్నారు. ఈలోగా మళ్ళీ పడిపోతే ఉష్ణమండలానికి పనికిరాడని దక్షిణానికి తోసేస్తారు. ఆ సంగతి అందరికీ తెలుసు. అతనికి ఇంకా బాగా తెలుసు.

మా ఇద్దరికీ అప్పజెప్పిన పని మ్యాపులు. డిసెంబరు ముగిసిన రాత్రి కంప్యూటర్లన్నీ ఆగిపోవచ్చని పై నుంచి హెచ్చరిక వచ్చింది. వై టూ కె. 2000ని అవి 1900 అనుకుంటాయని భయం. ప్రతి ఆఫీసుకీ గోడ మ్యాపు కావాలి. కాగితం మ్యాపు మీద అద్దంలాంటి ప్లాస్టిక్ పలక, చుట్టూ ప్లాస్టిక్ అంచు. దాని మీద మైనపు పెన్సిలుతో గీసి, గుడ్డతో తుడుచుకోవచ్చు. అంచులు అతకడానికి క్లోరోఫాం వాడేవాళ్ళం. సిరంజితో సందులోకి వదిలితే ప్లాస్టిక్ కరిగి రెండు ముక్కలూ ఒకటైపోతాయి. జిగురులా మరక పడదు. ఆ వర్క్‌షాపులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. గోధుమరంగు సీసాలోంచి గిన్నెలోకి వంచుకుని, గిన్నె బల్ల మీదే ఉంచి పనిచేసేవాళ్ళం. తియ్యటి వాసన. మొదటి వారం బాగుండేది. తర్వాత తెలియడం మానేసింది.

రేకుల షెడ్డులో ఏసీ ఉన్న గది అదొక్కటే. చెమ్మకి మ్యాపులు ఉబ్బుతాయని కిటికీలు బిగించి టేపు వేశారు.

నవంబరులో నాకు మధ్యాహ్నానికల్లా తల బరువెక్కేది. ఒకరోజు రేడియోలో నా కాల్‌సైన్, అంటే నా సంకేతనామం, నాకే గుర్తురాలేదు.

"జీరో, ఇది..." అని ఆగిపోయాను.

"నువ్వెవరో నన్నడుగుతావేంటి?" అన్నాడు అవతల జీరోలో ఉన్న ఆపరేటర్. "నీళ్ళు తాగు, న్యూస్‌పేపర్. ఓవర్."

నీళ్ళు తాగాను. ట్రోపో అనుకున్నాను.

ఆ వారమే కార్పొరల్ బల్ల పట్టుకుని కిందికి జారిపోయాడు. అలాంటప్పుడు చేయాల్సింది మాకు నిద్రలో లేపినా చెప్పగలిగేంత అలవాటు. చల్లటి చోటికి చేర్చు, పడుకోబెట్టు, బూట్లు విప్పు, తడిపి గాలి తగలనివ్వు. చల్లటి చోటు ఆ గదే. కాబట్టి కదపనక్కరలేదు. నేల మీదికి ఒక జానెడు ఎత్తుండే స్ట్రెచర్ తెచ్చి పడుకోబెట్టాం. మా పైనున్న సార్జెంట్ తలుపు మూయబోయాడు.

"పై వాళ్ళకి చెప్పకు సార్జ్," అన్నాడు కార్పొరల్ మత్తుగా.

"ఏం చెప్పాలి? కునుకు తీశావని చెప్పనా?" అన్నాడు సార్జెంట్.

ఒక గంట పడుకున్నాడు. లేచేసరికి ఇంకా తూలుతున్నాడు. అది మాకు అర్థం కాలేదు. చల్లబరిచిన మనిషి తేరుకోవాలి కదా.

ఆదివారం, మా ఇంట్లోవాళ్ళకి తెలిసిన రజియా ఆంటీ ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఆమెది కరీంనగర్. డార్విన్ ఆసుపత్రిలో ఫార్మసిస్టు. అంతకుముందు సీసాలు దించడానికి వర్క్‌షాపుకి పిలిస్తే వెళ్ళి, ఆ యూనిఫాంతోనే వచ్చాను.

"ఏం బిడ్డా, అత్తర్ కొట్టుకొచ్చినవా? అంగీ తియ్యగ వాసనొస్తున్నది."

"వాసనా? నాకేం రావట్లేదాంటీ. పలకలు అతికే మందయ్యుంటుంది. క్లోరోఫాం."

ఆంటీ గరిటె కింద పెట్టింది. "మూసిన రూముల వాడుతున్రా?"

"కిటికీలు తియ్యనివ్వరు. మ్యాపులు పాడవుతాయని."

"మరి మనుషులు పాడైతే ఫరవాలేదా? సినిమాల రుమాలు ముక్కుకు పెడ్తెనే డేంజరనుకుంటరు మీరంత. రోజింత పీల్చినా తల తిరుగుతది, మతి తప్పుతది. లివరు, కిడ్నీలు ఖరాబైతయి. గుండె లయ తప్పొచ్చు. వాసన తెలుస్తలేదంటే పోయినట్టు కాదు, నీ ముక్కు అలవాటు పడ్డట్టు."

"మమ్, లెట్ హిమ్ ఈట్ ఫస్ట్," అంది ఆమె కూతురు.

"తింటడు తియ్. ఇంకోటి విను బిడ్డా. అది గాలికన్న బరువు. నీళ్ళ లెక్క కిందికి దిగి నేల మీద పారుతది."

నాకు స్ట్రెచర్ గుర్తొచ్చింది. ఆ తర్వాత బిర్యానీ రుచి తెలియలేదు.

సోమవారం నేను చేరేసరికి కార్పొరల్ మళ్ళీ స్ట్రెచర్ మీద ఉన్నాడు. పెదవులు పాలిపోయాయి. చెయ్యి కిందికి వేలాడుతోంది.

"బయటికి తీసుకెళ్దాం సార్జ్. మందు వల్లే ఇదంతా. అది నేల మీదే ఉంటుందట."

"ఎవరన్నారు?"

"ఒక ఆంటీ. ఫార్మసిస్టు."

"బయట కాలిపోతోంది. ఎండదెబ్బ తిన్నవాణ్ణి ఎండలోకి మోసుకెళ్తావా? చంపుతావా వాణ్ణి?"

ఆంటీ కార్పొరల్‌ని చూడలేదు. సార్జెంట్ ఎండదెబ్బలు చాలా చూశాడు. పైగా నా తల కూడా సరిగ్గా లేదు. ఇద్దరిలో ఎవరు తప్పయినా మధ్యలో పోయేది అతని ప్రాణం. స్ట్రెచర్ ఒక కొస పట్టుకుని నిలబడ్డాను. చివరికి సార్జెంటే వంగి అతని మెడ మీద చెయ్యి వేసి చూశాడు. వంట్లో వేడి లేదు. చల్లగా ఉన్నాడు. సార్జెంట్ ముఖంలో మొదటిసారి అనుమానం చూశాను. రెండో కొస పట్టుకున్నాడు.

షెడ్డు వసారాలో నీడన దించాం. తడి తువ్వాలు వేశాం. గిన్నె మీద మూత పెట్టి, కిటికీల టేపు చింపి, తలుపులు బార్లా తీశాను. కార్పొరల్ వాంతి చేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. ఆ ఏటి మొదటి వాన. రేకుల మీద పడే మోతకి ఒకరి మాట ఒకరికి వినబడలేదు. గాలి ఒక్కసారిగా చల్లబడింది. కార్పొరల్ కళ్ళు తెరిచాడు.

"వాన బతికించింది," అన్నాడు సార్జెంట్. అంటూనే నా వైపు చూశాడు. తలూపాలో వద్దో నాకు తెలియలేదు.

రక్తపరీక్షలో లివరు కొంత దెబ్బతిన్నట్టు కనబడింది. క్లోరోఫాం కావచ్చు అన్నాడు డాక్టరు. ఎండదెబ్బకీ అలా అవుతుంది, బీరుకీ అవుతుంది అన్నాడు. సీసాలు తీయించేశాడు. కార్పొరల్‌ని మాత్రం దక్షిణానికి పంపేశారు. మూడుసార్లు పడిపోయినవాణ్ణి పంపలేమన్నారు. కిట్ బ్యాగు భుజాన వేసుకుంటూ అతను అడిగాడు: "నిజం చెప్పు, న్యూస్‌పేపర్. ఎండా, సీసానా?"

"సీసా అనుకుంటున్నాను."

"అనుకోవడానికి నీకు జీతం ఇవ్వరు కదా," అని నవ్వాడు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఒక్క కంప్యూటరూ ఆగలేదు. మ్యాపులు గోడకి ఆనించి అలాగే ఉన్నాయి. పొడికాలం రాగానే నేను పెర్త్‌కి తిరిగొచ్చాను. తలనొప్పి మళ్ళీ రాలేదు. దానికీ కారణం ఎండ తగ్గడమో, సీసా తీసెయ్యడమో చెప్పలేను. ఇప్పటికీ ఏటా లివరు పరీక్ష చేయించుకుంటాను.

ఒక దృశ్యం మాత్రం పోదు. మొదటిసారి పడిపోయిన రోజు. తలుపు మూసేముందు వెనక్కి చూశాను. కార్పొరల్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెయ్యి స్ట్రెచర్ మీంచి నేల దాకా వేలాడుతోంది. పడవలో పడుకున్నవాడు కాలవనీళ్ళలో ఆడించినట్టు, ఏమీ లేని చోట, నెమ్మదిగా వేళ్ళు ఆడిస్తున్నాడు.

"హాయిగా ఉంది మేట్," అన్నాడు. "తలుపు వేసెయ్."