పడుకుని చూసే బాబాయి

ఇల్లు కొనేవాళ్ళు గోడలు తట్టి చూస్తారు, కుళాయిలు తిప్పి చూస్తారు, కిటికీలు తీసి చూస్తారు. మా బాబాయి పడుకుని చూస్తాడు. హాల్లో అడుగుపెట్టగానే చెప్పులు ఓ మూల విడుస్తాడు. జేబురుమాలు నేలమీద పరిచి, దానిమీద తల ఆనించి, వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంటాడు. అమ్మేవాళ్ళు నోళ్ళు తెరుస్తారు. అప్పటిదాకా వాగుతున్న బ్రోకరు నోరు మూస్తాడు.

"ఇల్లంటే ఏంటమ్మా? మనిషి నడుం వాల్చే చోటు. వాల్చి చూడకుండా కొంటే ఎలా?" అంటాడు.

వినడానికి బాగానే ఉంటుంది. పక్కన నిలబడ్డవాళ్ళకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆయన నాకు సొంత బాబాయేమీ కాదు. ఉద్యోగం దొరికి ఈ ఊరొచ్చి, ఒక పాత మేడమీద గది అద్దెకు తీసుకున్నప్పుడు పక్కగదిలో ఉండేవాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మా రెండు గదుల మధ్య గోడ ఎంత పల్చనంటే, నేను ఇటు తుమ్మితే ఆయన అటునుంచి "మాత్ర ఉంది, కావాలా?" అని అడిగేవాడు. అలా తుమ్ములతో మొదలైంది మా చుట్టరికం.

నాది పళ్ళ డాక్టరు దగ్గర ముందుగదిలో ఉద్యోగం. పగలంతా వచ్చినవాళ్ళకి "కూర్చోండి, పిలుస్తారు" అని చెప్పడమే పని. సాయంత్రం గదికొచ్చి నేను కూర్చుంటే నన్ను పిలిచేవాళ్ళు ఉండేవారు కాదు. ఆరు రోజులూ ఎలాగో దొర్లిపోయేవి. ఆదివారం మాత్రం మొండిగా కూర్చునేది. గదిలో ఉన్న నాలుగు గిన్నెల్నీ తోమి, తోమినవాటినే మళ్ళీ తోమి, కిటికీ దగ్గర నిలబడితే, బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్లు దిగుతూ కనిపించేవాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"ఇల్లు చూడ్డానికి."

మళ్ళీ ఆదివారం. "ఎక్కడికి బాబాయ్?"

"ఇల్లు చూడ్డానికి."

"మొన్నటిది నచ్చలేదా?"

"నిద్ర పట్టలేదమ్మా."

ఆ మాటకి అర్థం తెలుసుకుందామనే ఓ ఆదివారం నేనూ చెప్పులేసుకుని బయల్దేరాను.

మొదటిసారి వెళ్ళింది ఓ పెద్ద ఫ్లాటుకి. మాతోపాటే కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వచ్చింది. బ్రోకరు ఆ జంటని గదిగదికీ తోలుకుపోతూ "త్వరగా తేల్చండి, ఇలాంటిది మళ్ళీ దొరకదు" అంటున్నాడు. బాబాయి హాల్లో జేబురుమాలు పరిచాడు. వంటింట్లోంచి వచ్చిన ఇంటావిడ ఆయన్ని చూసి, పెద్దాయనకి ఏదో అయిపోయిందని కెవ్వున అరిచి, లోపలికి పరిగెత్తి చెంబెడు నీళ్ళు తెచ్చి మొహాన కొట్టింది.

బాబాయి మెల్లగా లేచి కూర్చుని మొహం తుడుచుకున్నాడు. "నీళ్ళకి లోటు లేదన్నమాట. ఈ ఇంటికి అదొక్కటీ బాగుంది" అన్నాడు.

ఇంకోచోట చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎక్కువై, దారికి అడ్డంగా పడుకున్న బాబాయి దగ్గర ఆగిపోయారు. ఆయన కళ్ళు తెరవకుండానే "ఆగకండి, లోపలికి జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది" అన్నాడు. జనం నిజంగానే జరిగారు. గొంతులో అధికారం అలాంటిది.

పడుకుని లేచాక ఆయన చెప్పే తీర్పులు వినాలి. "లిఫ్టు మోటారు గుండెలమీద తిరుగుతోందమ్మా. వద్దు." "పైవాళ్ళు కుర్చీలు ఎత్తరు, ఈడుస్తారు. వద్దు." ఒకసారైతే చాలాసేపు చెవొగ్గి, "పక్కింట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవట్లేదు. గరిటెలు మాత్రం మాట్లాడుకుంటున్నాయి. ఈ గొడవ మనకెందుకు?" అన్నాడు.

మా పేటలో ఇళ్ళు చూపించే బ్రోకరు ఒకడున్నాడు. ఎప్పుడూ మోటారుసైకిలు దిగీ దిగకుండానే బేరం మొదలుపెట్టేవాడు. తల మీది హెల్మెట్ తియ్యడానికి కూడా తీరిక ఉండేది కాదు. అందుకని ఊరందరికీ హెల్మెట్ బ్రోకరే. బాబాయి గేటు దగ్గర కనపడితే చాలు, తల పట్టుకునేవాడు, అంటే హెల్మెట్ పట్టుకునేవాడు.

"మళ్ళీ వచ్చారా సార్! మీరు పడుకుంటే నా బేరం పడుకున్నట్టే!"

"నీ బేరం కూడా అలిసిపోయి ఉంటుందిలే, కాసేపు పడుకోనీ" అనేవాడు బాబాయి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఓసారి అడిగాను. "ఇన్నేళ్ళుగా చూస్తున్నారు కదా, ఒక్కటీ కుదరలేదా బాబాయ్?"

"కుదిరేదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంబంధం వచ్చింది. ఆ అమ్మాయి మంచిది. నేనే, సొంతిల్లు ఏర్పడ్డాక చేసుకుందాం అన్నాను. నేను కూడబెట్టినంతా పట్టుకుని వెళ్ళేసరికి ధర ఇంకో మెట్టు ఎక్కి కూర్చునేది. ఇల్లు ముందు బస్సులో వెళ్ళిపోయింది. పెళ్ళి వెనక బస్సులో వెళ్ళిపోయింది." కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "బస్సుల్లోనే పనిచేశాను, రెండూ తప్పిపోయాయి చూడు!" అని తనే పకపకా నవ్వాడు. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇంతలో నా మీదా పడింది ఇంటి పిచ్చి. మా ఇంటివాడు ఏటేటా అద్దె పెంచుతూ, పెంచినప్పుడల్లా "మీరు మా ఇంటి పిల్లలాంటివారు" అనేవాడు. ఇంకొకసారి ఆ మాట అంటే తట్టుకోలేననిపించి, సొంతంగా ఒక చిన్న ఇల్లు కొనాలని నిశ్చయించుకున్నాను. నిశ్చయానికేం, నిమిషంలో అయిపోయింది. నేను దాచుకున్నదానితో మొదటి ఏడు రెండు గదుల ఇళ్ళు చూశాం. మరుసటి ఏడు నా డబ్బు పెరిగింది, ఇల్లు తరిగి గదిన్నర అయింది. ఇంకో ఏడు ఆగితే బీరువాలో కాపురం పెట్టాల్సి వచ్చేట్టుంది.

దానికితోడు ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న. "మీవారు రాలేదా అమ్మా?"

"నాకు పెళ్ళి కాలేదండీ."

"అయితే మీ నాన్నగారో, అన్నయ్యో..."

అప్పుడు నేలమీంచి బాబాయి గొంతు వచ్చేది. "ఆవిడ ఇల్లు కొనడానికి వచ్చిందయ్యా, పెళ్ళిచూపులకి కాదు. ధర చెప్పు."

చివరికి నాకు ఒకటి నచ్చింది. నాలుగో అంతస్తులో వెనకవైపు గదిన్నర. ఒక్కటే కిటికీ. దానికెదురుగా పక్క మేడ తెల్లగోడ. పొద్దున్నే ఎండ ఆ గోడకి తగిలి మెత్తగా లోపలికొచ్చి పడుతోంది. ఆ వెలుగులో నా మంచం, నా కుర్చీ, నా కాఫీ కప్పు కూడా కనిపించేశాయి నాకు.

బాబాయి చెవిలో గొణిగాడు. "నచ్చినట్టు మొహంలో కనపడనివ్వకు."

అప్పటికే ఆలస్యమైపోయింది. హెల్మెట్ బ్రోకరు నా మొహం చదివేశాడు. "అమ్మా, ఒక చిక్కొచ్చింది. దీనికి వెనకాల పార్టీ ఉంది. చెప్పినదానికన్నా ఎక్కువిస్తామంటున్నారు. దార్లో ఉన్నారు, ఏ క్షణమైనా వచ్చేస్తారు. వాళ్ళు రాకముందే మీరు ఆ పెంచిన ధరకి ఒప్పుకుని అడ్వాన్సిచ్చి, ఈ కాయితం మీద సంతకం పెట్టేస్తే ఇల్లు మీదే. తర్వాత నన్నని లాభం లేదు."

పెంచిన ధర నావల్ల అయ్యేది కాదు. అయినా చెయ్యి సంచిలోకి పోయింది. తెల్లగోడ మీది ఎండ ఎవరో ఎత్తుకుపోతున్నట్టే అనిపించింది. పెన్ను మూత తీశాను.

సరిగ్గా అప్పుడు బాబాయి నాకూ బ్రోకరుకీ మధ్య జేబురుమాలు పరిచాడు.

"బాబాయ్! ఇవాళొద్దు. మీకు పుణ్యముంటుంది, లేవండి!"

"ఉండమ్మా. నువ్వు ఉండబోయే ఇల్లు. చూడొద్దా?"

"సార్, వాళ్ళొచ్చేస్తారు సార్!" బ్రోకరు ఆయన చుట్టూ తిరిగాడు.

"రానీ. నేను పడుకున్నచోట తప్ప మిగతాదంతా ఖాళీయే."

"సంతకం అయ్యాక పడుకోండి సార్!"

"సంతకం అయ్యాక నిద్ర ఎక్కడ పడుతుందయ్యా?"

బ్రోకరు భుజం పట్టి లేపబోయాడు. మోకాళ్ళు పట్టేశాయన్నాడు బాబాయి. బ్రోకరు చెయ్యి అందిస్తే, నడుం కూడా పట్టేసిందన్నాడు. కాసేపటికి సన్నగా గురక కూడా మొదలైంది. నేను పెన్ను పట్టుకుని గోడకి ఆనుకున్నాను. మొదట కోపం వచ్చింది. తర్వాత, చెయ్యడానికి ఇంకేమీ లేక, లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. ఆ ధరకి కొంటే తిండి మానేసి తెల్లగోడ చూస్తూ కూర్చోవాలని తేలింది. పెన్నుకి మూత పెట్టేశాను.

ఇంతలో గుమ్మంలో అడుగుల చప్పుడు. భుజాన చంటిపిల్లతో ఒకావిడ, చేతిలో పాలసీసాతో వాళ్ళాయన, ఇద్దరూ రొప్పుతూ వచ్చారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎక్కువిస్తానంటోంది ఈవిడేనా?"

బాబాయి ఒక కన్ను తెరిచాడు. "ఈ అమ్మాయి ఎందుకు ఎక్కువిస్తుంది? ఎక్కువిస్తామన్నది మీరట కదా?"

"మేమా!" వాళ్ళాయన పాలసీసా ఊపాడు. "మా దగ్గరున్నది మామూలు ధరకే చాలట్లేదండీ! ఎవరో ఎక్కువిచ్చి ఎగరేసుకుపోతున్నారు, ఉన్నపళంగా రండి అని ఫోన్ చేస్తే, పిల్లకి పాలు కూడా పట్టకుండా ఎత్తుకొచ్చాం!"

అందరం కలిసి బ్రోకరు వైపు చూశాం. బ్రోకరు హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాడు.

బాబాయికి మోకాళ్ళూ నడుమూ ఒక్కసారే నయమయ్యాయి. లేచి రుమాలు దులిపి ఆ దంపతులతో అన్నాడు. "గదిన్నర మీ ముగ్గురికీ చాలదమ్మా. పాల డిపో వెనక సందులో ఒక ఇల్లుంది. పాతదే, ధర కూడా పాతదే. పిల్లకి చక్కగా నిద్ర పడుతుంది. నేను పడుకుని చూశాను."

ఆ ఇల్లు వాళ్ళకి కుదిరింది. గదిన్నర ఇల్లు మొదట చెప్పిన ధరకే నాకు కుదిరింది.

కుదిరింది సరే. సామాను సర్దుకుని, కొత్త ఇంట్లో మొదటి ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పుతో కిటికీ దగ్గర కూర్చున్నాను. అనుకున్నట్టే తెల్లగోడ మీంచి ఎండ వచ్చింది. తలుపు నాది, తాళం నాది, ఆదివారం కూడా పూర్తిగా నాదే. అంత పెద్ద ఆదివారాన్ని గదిన్నరలో ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

అంతలో బెల్లు మోగింది. గుమ్మంలో ఎవరో బట్టతలాయన. గొంతు విన్నాక గానీ హెల్మెట్ బ్రోకరని పోల్చుకోలేకపోయాను. హెల్మెట్ చంకలో ఉంది.

"ఇంటివాళ్ళ దగ్గర ఇంకో తాళంచెవి ఉండిపోయిందమ్మా. ఇచ్చిపోదామని." ఇచ్చాడు గానీ పోలేదు. కూర్చోమంటే కూర్చున్నాడు. అతను కూర్చోవడం కూడా నేను అదే మొదటిసారి చూడ్డం.

"మీ బాబాయిగారు ఇల్లు కొనలేరమ్మా. తెలుసా మీకు? వయసు దాటిపోయింది, అప్పు ఇవ్వలేమని బ్యాంకువాళ్ళు ఎప్పుడో చెప్పేశారు. మా బ్రోకర్లందరికీ తెలుసు."

నాకు తెలియదు. "మరి అన్నేసి ఇళ్ళు ఎందుకు చూస్తున్నాడు?"

"అన్నిచోట్లా పడుకోడమ్మా ఆయన. డబ్బున్నవాళ్ళు కొంటుంటే గుమ్మంలోంచే చూసి వెళ్ళిపోతాడు. మొదటిసారి కొనేవాళ్ళుంటారు చూడండి, మేం తొందరపెడితే చేతులు వణికేవాళ్ళు... వాళ్ళుంటేనే పడుకుంటాడు. ఆయన లేచేదాకా ఎవరూ సంతకం పెట్టలేరు కదా. ఆ కాసేపట్లో వాళ్ళకి బుర్ర పనిచెయ్యడం మొదలవుతుంది. మా కొంప మునుగుతుంది."

"అంత నష్టమైతే లోపలికి ఎందుకు రానిస్తారు?"

"రానివ్వకపోతే మెట్ల మీద పడుకుంటాడమ్మా!"

కాసేపు హెల్మెట్ అటూ ఇటూ తిప్పాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. "మా అమ్మాయీ అల్లుడూ ఇల్లు చూసుకుంటున్నారు. నేను బ్రోకర్ని కదా, నా మాట నమ్మరు. వేరేవాడి దగ్గరికి వెళ్ళారు. వాడు నాకన్నా తొందర మనిషి. ఇవాళ మధ్యాహ్నమే సంతకాలంటున్నాడు. మీ బాబాయిగారు... కాస్త వచ్చి పడుకుంటారేమో కనుక్కుంటారా? నేను ఏ మొహం పెట్టుకుని అడగను?"

నేను పాత మేడకి వెళ్ళేసరికి బాబాయి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అంతా చెప్పాను. "వాడి కూతురికా!" అని ఇస్త్రీపెట్టె ఎత్తిపట్టి నవ్వాడు.

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"ఏం చెప్పనమ్మా? మొదట్లో నిజంగా కొందామనే పడుకునేవాణ్ణి. ఓసారి పక్కనే ఒక కుర్రాడు సంతకం పెట్టబోతూ, నేను లేచేదాకా ఆగి, ఆగినంతసేపూ ఆలోచించి, పెన్ను జేబులో పెట్టుకుని బతికిపోయాననుకుంటూ వెళ్ళిపోయాడు. ఇదేదో బాగుందే అనిపించింది. ఈ గదిలో నేనొక్కణ్ణీ పడుకుంటే ఎవరికి లాభం చెప్పు? అక్కడ పడుకుంటే ఒకరికి పనికొస్తుంది."

ఆయన చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంటూ నా వైపు చూశాడు.

"నిలబడ్డావేంటి? పద, బస్సు వెళ్ళిపోతుంది."

"నేనెందుకు బాబాయ్? నాకు ఇల్లొచ్చేసిందిగా."

"ఇల్లొచ్చిందని ఆదివారం రావడం మానుతుందా? పైగా కూతురూ అల్లుడూ ఇద్దరూ వస్తున్నారట. ఆ బ్రోకరు గట్టివాడట. నేనొక్కణ్ణీ చాలకపోవచ్చు." ఉతికిన జేబురుమాలు ఇంకొకటి వెతికి తీసి నా చేతిలో పెట్టాడు. "నేను హాల్లో చూసుకుంటాను. నువ్వు వంటింట్లో పడుకో."