డెల్మర్ క్యామ్‌షాఫ్టు

మా ఆయన డెల్మర్ మంచివాడే. తాగడు, చర్చి మానడు, స్కూలు బస్సులు బాగుచేసి ఇల్లు నడుపుతాడు. కానీ ఇంజన్‌లోకి ఒక సామాను ఎంచుకోమంటే మాత్రం దారిన పోయేవాడి మాట కూడా చెవిలో వేసుకుంటాడు.

ఏటా జరిగే పోటీల్లో మా పికప్ ట్రక్కు శుక్రవారం బురదలో పరుగెత్తాలి, శనివారం స్లెడ్డును, అంటే బరువులు వేసిన ఇనుప బండిని, లాగాలి. ఇదీ ఆయన కోరిక. బురదలో చక్రాలు గిర్రున తిరగాలి, అంటే ఇంజన్ మంచి వేగం మీద ఉన్నప్పుడు బలం రావాలి. స్లెడ్డుకైతే కదిలిన క్షణం నుంచే బలం కావాలి. పోనుపోను దాని బరువంతా మన మీదకే జరుగుతూ వస్తుంది మరి. బలం ఎక్కడ రావాలో తేల్చేది వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టు. అది ఇంజన్‌కి ఒకటే ఉంటుంది. రోజుకొకటి మార్చుకోవడానికి అదేమన్నా చొక్కానా?

మెడ దెబ్బతిన్నాక డాక్టరు ఆయన్ని పోటీలో బండి నడపొద్దన్నాడు. అప్పటినుంచి నడిపేది నేనే. మా ఇండియానా కౌంటీ సంబరాల్లో, మా వాళ్లందరి ముందు, ఒక్కసారైనా స్లెడ్డును చివరి గీత దాకా లాగాలని నా ఆశ.

ఏప్రిల్‌లో చిన్న క్యామ్ పెట్టాడు, మొదట్నుంచే బలమిచ్చేది. కాలు మోపగానే బండి ఇట్టే అందుకుంది. నా ప్రాణం కుదుటపడింది. ఆ ఆదివారమే ఆయన తమ్ముడు రాయిస్ భోజనానికి వచ్చాడు.

"ఏంటన్నయ్యా ఈ చప్పుడు, కుట్టుమిషనా? పెద్ద క్యామ్ వెయ్యి. ఊరికే నిలబెట్టినా గుడగుడలాడాలి. జనం లేచి చూడాలి!"

"స్లెడ్డు లాగేది జనమా, నేనా?" అన్నాను.

"నువ్వుండు వదినా, ఇది ఇంజన్ల సంగతి" అన్నాడు, నేను చేసిన మొక్కజొన్న రొట్టె నములుతూ. ఒళ్లు మండిపోయింది.

మర్నాడే డెల్మర్ పెద్ద క్యామ్ ఎక్కించడానికి రేడియేటర్ విప్పాడు. క్యామ్ మారిస్తే దాని మీద నడిచే లిఫ్టర్లూ కొత్తవి వేయాలి. పని మళ్లీ మొదటికొచ్చింది. జూన్ అయ్యేదాకా గ్యారేజీలోనే గడిపాడు.

"రెంటికీ సరిపోతుందే" అంటాడు ఆయన.

"రెంటికీ చెడుతుంది" అంటాను నేను.

సంబరాలొచ్చాయి. శుక్రవారం బురదలో ఏదో పర్లేదనిపించింది. శనివారం స్లెడ్డుకు గొలుసు తగిలించి పచ్చజెండా ఊపారు. కాలు అదిమాను. ఇంజన్ ఉరిమింది, దగ్గింది, మళ్లీ ఉరిమింది. సగం దూరమైనా పోకుండా చచ్చిపోయింది. దానికి తోడు జనం ఈలలు! ఆ మోత అంత బాగుందట.

డెల్మర్ గబగబా వచ్చి తలుపు తీశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి నన్నడిగాడు.

"నువ్వు చెప్పవే, ఏది పెడదాం?"

హెల్మెట్ తీసి చెప్పాను. "ఆ చిన్నదే. బురద సంగతి వదిలెయ్. నాకు స్లెడ్డు కావాలి. కదిలినప్పటి నుంచే బండి లాగాలి, అంతే."

చివరిదాకా విన్నాడు. తల కూడా ఊపాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సరే" అన్నాడు. "రాయిస్‌ని కూడా ఓ మాట అడుగుదాం."