సీసా దాకా వెళ్లిన చూపు

దెయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. నలభై ఏళ్లు మందులు కలిపి బతికినవాణ్ణి. ఇన్ని గ్రెయిన్ల పొడి, ఇన్ని ఔన్సుల నీళ్లు, అంతే నాకు తెలిసిన లోకం. ఇంట్లో ఆడవాళ్లు పిల్లలకి దిష్టి తీస్తుంటే కూడా విసుక్కునేవాణ్ణి. అలాంటివాణ్ణి ఈ వయసులో కూర్చుని ఇది రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది. నవ్వొస్తే రానీండి. జరిగింది జరిగినట్టే రాస్తాను.

యాభైల నడిమి మాట. చోడవరంలో ఒక డాక్టరు గారి దగ్గర నేను కంపౌండరుని. ఆయన పేరు రాయను, రాస్తే ఆయనకి నచ్చదు. బాగా చదువుకున్న మనిషి, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. అప్పట్లో మాత్రలు తక్కువ, సీసా మందులు ఎక్కువ. రోగులు సీసా తెచ్చుకుంటే నేను మందు కలిపి పోసి, సీసా పక్కన గాట్లు కత్తిరించిన కాగితప్పట్టీ అంటించేవాణ్ణి. ఒక గాటు దిగితే ఒక మోతాదు. చదువు రానివాళ్లకి కూడా తేలిగ్గా తెలిసేది.

రోలుగుంట వెళ్లే దారిలోని ఒక ఊరినుంచి సింహాచలం, అతని భార్య అప్పలనరసమ్మ తమ కూతుర్ని తీసుకొచ్చారు. పిల్ల పేరు నూకాలు. తొమ్మిదేళ్లుంటాయి. వారానికి మూడు నాలుగుసార్లు మూర్ఛ. చెరకు తోటలో పడేది, పొయ్యి పక్కన పడేది. మోచేతి మీద కాలిన మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది.

"పెద్దగుంట రవణ కూడా ఇలాగే పోనాది బాబూ. ఆరేళ్లకే, నా సేతుల్లోనే పోనాది. ఇదొక్కతే మిగిలింది," అంది అప్పలనరసమ్మ. అక్కడి మాటలో గుంటంటే ఆడపిల్ల. ఆ పెద్ద కూతురు రవణకి ఏ మందూ వేయించలేదట. వేయించి ఉంటే బతికేదని ఎవరో అన్నారట. ఆ మాట పట్టుకునే వాళ్లు మా దగ్గరికి వచ్చారు.

డాక్టరు గారు విశాఖపట్నంనుంచి మూర్ఛకి కొత్త మందు తెప్పించారు. చిన్న గొట్టాల్లో తెల్లటి పొడి. పాత మందుతో పిల్లలు రోజంతా మత్తుగా పడుండేవారు, దీనితో అంత మత్తుండదని ఆయన మురిసిపోయారు. పిల్ల ఆ గొట్టం మింగలేకపోయింది. అందుకని నేను గొట్టాలు విప్పి, పొడిని పంచదార పాకంలో కలిపి సీసాకి పోసేవాణ్ణి. రెండు సంతలకి, అంటే రెండు వారాలకి, ఒక సీసా.

మొదటి సీసా అయిపోవచ్చేసరికి తల్లి పిల్లని చంకనెత్తుకుని పరిగెత్తుకొచ్చింది. నూకాలు నిలబడితే తూలిపోతోంది. కళ్లు చూసి నేను హడలిపోయాను. పక్కకి చూడమంటే చూపు అక్కడ నిలవదు. మెల్లగా వెనక్కి జారి, ఠక్కున ఎగిరి మళ్లీ అక్కడికే వెళుతుంది. మళ్లీ జారుతుంది, మళ్లీ ఎగురుతుంది. డాక్టరు గారు తన వేలు అటూ ఇటూ తిప్పి, దాని వెంట చూడమన్నారు. వేలు నున్నగా కదులుతుంటే ఆ పిల్ల కళ్లు మాత్రం పిచ్చుకలా గెంతుతూ వెళ్లాయి.

"మందు ఎక్కువైందయ్యా. ఈ మందు గుణమే అది. ఎక్కువైతే కళ్లు అదురుతాయి," అన్నారు. మోతాదు తగ్గించారు.

తగ్గించిన సీసా మొదలుపెట్టిన మూడోరోజుకే మూర్ఛలు తిరగబెట్టాయి. నాలుక కొరుక్కుని నోరంతా రక్తం. సరే, మళ్లీ పెంచారు. పెంచినా మొదట్లో మూర్ఛలే, చివర్లో కళ్ల గెంతులే. ఒకే సీసా, ఒకే గాటు. మొదటి వారం మందు చాలదు, రెండో వారం మందు ఎక్కువ. ఇదెక్కడి విడ్డూరం! డాక్టరు గారు నా తక్కెడని అనుమానించారు. మూడుసార్లు తన ఎదుటే తూయించారు. నాకు తల కొట్టేసినట్టయింది, కానీ ఏమనగలను?

ఊళ్లో మాత్రం అనుమానాలేవీ లేవు. పిల్లని పట్టినదానికీ మందుకీ పోరు జరుగుతోందని తేల్చేశారు. ఒక వారం అది గెలుస్తుందట, ఒక వారం మందు గెలుస్తుందట. నూకాలు కళ్లు అలా గెంతడం, లోపల ఉన్నది బయటికి చూడ్డమేనట. ఇరుగుపొరుగు తమ పిల్లల్ని ఆ వాకిట్లోకి పంపడం మానేశారు.

ఒకరోజు పొద్దున్నే సింహాచలం ఒక్కడే వచ్చాడు. గుమ్మం లోపలికి అడుగుపెట్టలేదు.

"మందెక్కువైతే కళ్లు తిరుగుతన్నాయి, తగ్గిస్తే మూర్ఛొస్తంది. మా వల్ల కాదు బాబూ. దేవరాపల్లి అవతల ఒకడున్నాడట, పట్టినదానికి మంత్రమేసి కట్టు కడతాడట. రేపు తీసుకెళ్లిపోతన్నాం. ఈ మందింక ఒద్దు."

"ఉన్నపళంగా ఆపితే మూర్ఛ మీద మూర్ఛ వస్తుంది. ఆగదు. పిల్ల చచ్చిపోతుందిరా!" అని డాక్టరు గారు అరిచారు. సింహాచలం కళ్లనీళ్లు తుడుచుకున్నాడే కానీ మాట మార్చుకోలేదు. దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం డాక్టరు గారు మునుపెన్నడూ చెయ్యని పని చేశారు. రోగులుండగానే ఆసుపత్రి తలుపులు వేయించి, సైకిలు తీశారు. నన్నూ రమ్మన్నారు.

మేం వెళ్లేసరికి ఎండ ఇంకా చురుక్కుమంటోంది. ఊరవతల బెల్లం వండుతున్నారు, ఆ వాసన ఇంటి దాకా కొడుతోంది. ఒంటి గది పెంకుటిల్లు. కిటికీ లేదు. తలుపు వారగా తీసి ఉంది. సింహాచలం బయట అరుగు మీద తల దించుకుని కూర్చున్నాడు. లోపల పిల్ల మంచం మీద, తల్లి కింద నేల మీద. మంచానికి ఎదురుగా ఖాళీ మట్టిగోడ. ఆ గోడ చివర, నా భుజమంత ఎత్తున, దేవుడి గూడు. గూట్లో కుంకుమ భరిణె, పక్కన మా మందు సీసా, మొన్ననే పోసిచ్చిన కొత్తది. ఇవన్నీ ఎందుకు గుర్తున్నాయంటే, తర్వాత నేనే వెళ్లి ఒక్కొక్కటీ చూసి వచ్చాను.

డాక్టరు గారు వేలు చూపించారు. ఎడమకి, గెంతులు. కుడికి, గెంతులు. వేలి వెంట రమ్మంటే గెంతుతూ వచ్చింది. ఆయన నిట్టూర్చి చెయ్యి దించేశారు.

అప్పుడు నూకాలు గుమ్మం వైపు తల తిప్పింది.

కళ్లు నిలిచిపోయాయి. అదురు లేదు. గుమ్మం దగ్గర, నా నడుమంత ఎత్తున, ఒక చోట చూస్తోంది. తరువాత ఆ చూపు కదిలింది. మెల్లగా, ఒక్క గెంతు లేకుండా, నూనె జారినట్టు గోడ వెంట కదిలింది. ఎవరైనా నడిచి వెళుతుంటే మనం చూస్తామే, సరిగ్గా అలా. గూడు కిందికి వచ్చి ఆగింది. అక్కడినుంచి పైకి లేచింది, సీసా మీద ఆగిపోయింది.

గోడ దగ్గర ఎవరూ లేరు.

డాక్టరు గారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. పిల్ల చూపు మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లింది. మళ్లీ అదే ఎత్తు, అదే నడక. గూడు కింద ఆగి, పైకి లేచి, సీసా దగ్గర నిలిచింది. భయమంటే ఏమిటో తెలియనివాణ్ణి కాదు గానీ, ఇది వేరు.

ఇద్దరం సీసా వైపు చూశాం. పెంకుల సందులోంచి ఎండ దాని మీదే పడుతోంది. పై సగం నీళ్లలా తేటగా ఉంది. అడుగున రెండు వేళ్ల మందాన తెల్లటి ముద్ద.

ఒక్క ఉదుటున వెళ్లి సీసా అందుకుని కుదపబోయాను.

"అయ్యయ్యో, కదపకు బాబూ!" అని అప్పలనరసమ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది. "మడ్డంతా పైకొచ్చేత్తది! నాను ఎంత జాగర్తగా ఇస్తన్నానో నీకేటి తెలుసు!"

ఆ జాగ్రత్తే కొంప ముంచింది. ఆ ఇళ్లలో కాలవ నీళ్లయినా, నూనెయినా, చెరకు రసమయినా, కదపకుండా తేరనిచ్చి తేట వంచుకోవడమే అలవాటు. అడుగున ఉన్నది మడ్డి. మా మందుకీ ఆమె అదే మర్యాద చేసింది. ప్రతి సీసాలోనూ ముందు పదిరోజులూ పై తేటే గాటు ప్రకారం వంచింది, అందులో మందే లేదు. చివరికి ఇంత మంచి మందు పారబొయ్యడానికి మనసొప్పక ఆ ముద్దంతా నీళ్లతో కలిపి పట్టించింది. రెండు వారాల మందు మూడు నాలుగు రోజుల్లో ఆ చిన్న ఒంట్లోకి వెళ్లేది. కిందటి సీసా ముద్ద తాలూకు అదురే ఆ రోజుకీ దిగలేదు.

సింహాచలం లోపలికి వచ్చి అంతా విన్నాడు. డాక్టరు గారు సీసా కుదిపి, వాళ్ల ముందే ఎండలో పట్టి చూపించారు. అప్పుడు అతను తలపాగా విప్పి నేల మీద కూలబడి, పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. మర్నాటి ప్రయాణం మానుకున్నారు. కళ్లు తేటపడే దాకా తక్కువ మోతాదు, తర్వాత సరైన మోతాదు, ప్రతిసారీ సీసా కుదిపి. నెల తిరిగేసరికి కళ్లు కుదురుకున్నాయి. మూర్ఛలు ఎప్పుడో గానీ వచ్చేవి కావు.

ఇక్కడికి ఆపేస్తే ఇది ఒక కంపౌండరు కథ. ఆపలేను.

తిరిగి వస్తూ డాక్టరు గారు బెల్లం పాక దగ్గర సైకిలు దిగారు. "ఆ గోడ చూడు. ఆ చివర్నుంచి ఈ చివరికి చూపు మెల్లగా లాక్కురా. గెంతకూడదు," అన్నారు. నేను ప్రయత్నించాను. ఆయన నా కళ్లల్లోకే చూస్తున్నారు. "గెంతుతున్నాయి. మళ్లీ చెయ్." మళ్లీ చేశాను. "నీకు చేతకాదు. నాకూ కాదు. ఎవరికీ కాదు." జేబులోంచి కలం తీసి నా ముందు కదిపారు. "ఇప్పుడు జారుతున్నాయి చూశావా? కదిలేది ఏదో ఒకటి ఎదురుగా ఉంటేనే కన్ను అలా జారుతుంది. ఖాళీలో జారదు. ఆ పిల్లకైతే మందు ఎక్కువై నా వేలి వెంట కూడా..."

సైకిళ్లు నడిపించుకుంటూ చోడవరం దాకా వచ్చాం. ఆయన మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఈగేమో అన్నారు నేను చెప్పినవాళ్లు. బల్లి అన్నారు, నీడ అన్నారు. నేనూ అన్నీ అనుకున్నాను. మర్నాడు వెళ్లి ఆ గోడంతా తడిమి చూశాను కూడా. ఈగ అయినా, బల్లి అయినా, ఎదురుగా ఉన్న వేలి వెంట కూడా గెంతిన కళ్లు వాటి వెంట నున్నగా ఎలా వెళ్లాయి? నమ్మనివాళ్లు ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఖాళీ గోడ మీద చూపు జార్చి చూడండి. మీ కళ్లు ఏం చేస్తాయో వాళ్లు చెబుతారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ సీసా మీద కుదిపి వాడమనే చీటీ ఉంది. నేనే అంటించాను. ఇంగ్లీషులో అచ్చేసిన ఎర్ర చీటీ. అందరికీ నోటితో కూడా చెప్పేవాణ్ణి. అప్పలనరసమ్మకి చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. డాక్టరు గారు ఆ సంగతి అడగనే లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తరువాతి సీసాకి ఆమె ఒక్కతే వచ్చింది. మందు తీసుకుని కూడా కదల్లేదు. రద్దీ తగ్గేదాకా నిలబడి, అప్పుడు గొంతు తగ్గించి అడిగింది.

"ఆ రోజు మా గుంట సూపు ఏ ఎత్తున ఎల్లింది బాబూ?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. నా నడుము దగ్గర గాల్లో చెయ్యి చాపి, ఇంత ఎత్తు అని చూపించాను.

ఆమె నా ముఖం వైపు చూడలేదు. నా అరచేతి కిందున్న ఖాళీనే చూసింది. "రవణ అంతే ఉండేది," అంది. సీసాని బాగా కుదిపి, పైకెత్తి ఎండలో చూసుకుని, కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

నేను మాత్రం ఆ చెయ్యి వెంటనే దించలేకపోయాను. అక్కడ ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా ఎందుకు దించలేకపోయానో ఇప్పటికీ తెలియదు.