నేను చూసొచ్చిన కాలేజీ

నేను మోస్తున్నది చిన్న అబద్ధం. చిన్నది కాబట్టే ఇన్నేళ్ళు మోయగలిగాను. పెద్దదైతే ఎప్పుడో ఒకనాడు భరించలేక ఎవరి ముందో కుప్పకూలి చెప్పేసేదాన్ని. ఇది అలా కాదు. అన్నం తిననిస్తుంది, క్లాసుకు పోనిస్తుంది, నవ్వనిస్తుంది. రజిత మా గుమ్మంలో చెప్పులు విప్పి "చిన్నమ్మా" అని పిలిచినప్పుడు మాత్రం తలెత్తి చూడనివ్వదు. మా ఆయనకు కూడా ఈ సంగతి తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

రజిత మా అక్క కూతురు. మాది జనగామ వైపు ఊరు. కొంచెం పత్తి, కొంచెం వరి, రెండు బర్రెలు. మా ఇళ్ళన్నిటిలో యూనివర్సిటీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. దాంతో చదువు సంగతి ఏదొచ్చినా నా మాటే చెల్లేది. ఎవరి పిల్లకు ఏ గ్రూపు, ఎవరి పిల్లాడిని ఏ హాస్టల్లో వేయాలి, అన్నీ నన్నడిగే చేసేవాళ్ళు. ఊరికి పోతే నాకు కుర్చీ ముందే వేసి ఉంచేవాళ్ళు. నిజం చెప్పనా? నాకది బాగుండేది.

రజిత పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఒక గురుకుల కాలేజీలో బైపీసీ సీటు వచ్చింది. ఆడపిల్లల కాలేజీ, హాస్టలూ అక్కడే, తిండీ చదువూ సర్కారుదే. బైపీసీ తప్ప ఇంకోటి వద్దని ఆ పిల్ల పదో తరగతి అంతా అంటూనే ఉందట. అయితే ఆ కాలేజీ హైదరాబాద్ దాటి అవతల. ఊళ్ళో దాన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు. చేరడానికి గడువు కొద్ది రోజులే. అవి విత్తనాలు పెట్టే రోజులు, బావకు చేను వదిలి కదిలే తీరిక లేదు. "నువ్వు పోయి చూసిరా చెల్లె. నువ్వు మంచిగున్నదంటె తోలిస్తం," అని అక్క ఫోన్ చేసింది.

అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉండి బాటనీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. లాలాపేట్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. మా ఆయనది వేరే ఊళ్ళో ఉద్యోగం, వారానికొకసారి వచ్చేవాడు. నా కూతురు నిత్య చంటిపిల్ల, ఇంకా పాకుతోంది. అత్తగారు లేరు. అమ్మ పొలం వదిలి రాలేదు. ఈ ఏడు కూడా లాబ్‌కు సరిగ్గా రాకపోతే డాక్టరేట్ మీద ఆశ వదులుకో అని గైడ్ సారు మొహం మీదే అన్నాడు. నిత్యను పక్కింటామె దగ్గర వదిలి క్యాంపస్‌కు పరుగెత్తేదాన్ని, మళ్ళీ పాల వేళకు ఇంటికి పరుగెత్తేదాన్ని. ఇవన్నీ సాకులని మీకనిపిస్తే అనిపించనివ్వండి. నాకూ చాలాసార్లు అలాగే అనిపిస్తుంది.

కాలేజీ చూడటానికి పోయాను. బాగుంది. ఆడంబరమేమీ లేదు. తీగల మీద ఆరేసిన యూనిఫామ్‌లు, వరండాలో కూర్చుని పైకి చదువుకుంటున్న పిల్లలు. ప్రిన్సిపల్ మేడమ్ నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా మాట్లాడింది. లాబ్ చూస్తానంటే ఒక సెకండియర్ అమ్మాయిని తోడిచ్చి పంపింది. సీసాల్లో పాములు, కప్పలు. బల్ల మీద వరసగా మైక్రోస్కోపులు, పాతవే గాని తుడిచి పెట్టినవి. ఆ అమ్మాయి ఒక్కో సీసా దగ్గరా ఆగి, సొంత ఇంటి సామాను చూపిస్తున్నట్టు పేరు చెప్పింది. మధ్యాహ్నమైందని మెస్‌లో నాకూ అన్నం పెట్టారు. పప్పు, వంకాయ కూర, మజ్జిగ. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. నేను లెక్కపెట్టడంతో ఆగలేదు, పీకేశాను.

ఇంటికొచ్చేసరికి నిత్య ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. పక్కింటామె పిల్లను నా చేతుల్లో పెట్టి, "ఇగ నాతోని కాదమ్మా, ఎవరినన్న చూసుకో," అన్నది. కోపంగా కూడా అనలేదు. గోడకు ఒరిగి పిల్లకు పాలిస్తూ ఉంటే రజిత గుర్తొచ్చింది. రజితకు పిల్లలంటే ప్రాణం. ఊరికి పోయినప్పుడల్లా నిత్య దాని చంక దిగేది కాదు.

ఆ ఆలోచన అప్పుడే, ఆ అలసటలోనే వచ్చిందని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? బస్సులో వస్తూ, ఆ లాబ్ అంత బాగున్నందుకు నాకెందుకు సంతోషం కలగలేదు? అసలు అక్క ఫోన్ చేసిన రోజే, ఆ కాలేజీ బాగుండకపోతే బాగుండునని మనసులో ఓ మూల ఆశ పుట్టలేదా? పుట్టింది. ఇది ఇప్పుడు, రాస్తుంటేనే ఒప్పుకుంటున్నాను.

మర్నాడు కాక ఆ పై రోజు బావ రజితను తీసుకొచ్చాడు. నాకు లాబ్‌లో పని ఉండి క్యాంపస్‌కే రమ్మన్నాను. మా డిపార్ట్‌మెంట్ ముందు మెట్ల మీద కూర్చున్నాం. రజిత నేరుగా హాస్టల్‌కు పోవడానికి అన్నీ సర్దుకునే వచ్చింది, చేరే గడువు దగ్గరపడిందని. కొత్త బకెట్, అందులో పళ్ళెం, గ్లాసు, రెండు సబ్బులు. బకెట్‌ను కాళ్ళ మధ్య పెట్టుకుని నా మొహంలోకి చూసింది.

"చిన్నమ్మా, గాడ ఎట్లున్నది?"

"ఏం మంచిగ లేదు బిడ్డా. నీళ్ళు బాగలెవ్వు. పిల్లలందరికి జ్వరాలు. లాబ్ అని పేరుకొక రూమున్నది గని తాళమేసి ఉన్నది."

రజిత బకెట్‌లోని గ్లాసు సరిగ్గా పెట్టింది. "మా సైన్స్ సారు మంచిగుంటదన్నడు మరి."

"మీ సారు చూసిండా? నేను చూసిన."

"అయితే వద్దా?"

"నా దగ్గరుండు. తార్నాకల కాలేజి ఉన్నది. ఇంట్ల తినుకుంట చదువుకోవచ్చు."

"గాడ బైపీసీ ఉంటదా?"

"ఉంటది గని ఎందుకు? ఎంసెట్ కొట్టాలె, అందరితోని అయితదా అది? సీఈసీ తీస్కో. గవర్నమెంట్ ఉద్యోగాలకు అదే నయం."

తను బకెట్ పిడిని అటూ ఇటూ తిప్పింది. తర్వాత అన్నది, "నువ్వు చూసినవ్ గద చిన్నమ్మా. నువ్వెట్లంటె అట్లనే."

బావ లేచి తువ్వాల దులుపుకున్నాడు. "పిల్లను నీ చేతుల వెడుతున్న," అన్నాడు. బస్సు టైమైందని అటు నుంచి అటే వెళ్ళిపోయాడు, పొలం పని ఆగిపోయి ఉంది.

తార్నాకలో ఒక ప్రైవేటు కాలేజీలో చేర్పించాను. ఆ కాలేజీని ఎలా ఎంచానో చెప్పనా? అక్కడ సీఈసీ వాళ్ళకు పొద్దున పూటే క్లాసులు, మధ్యాహ్నానికి వదిలేస్తారు. బైపీసీ వాళ్ళకైతే భోజనాలయ్యాక ప్రాక్టికల్స్ ఉంటాయి. మధ్యాహ్నాలు నాకు కావాలి. అంతే. పాఠాలు ఎవరు చెబుతారో అడగలేదు, ఎలా చెబుతారో అడగలేదు. ఆఫీసులో నేనడిగింది ఒక్కటే, పిల్లలను ఎన్నింటికి వదులుతారని.

రెండేళ్ళు అలా గడిచాయి. రజిత వచ్చి బ్యాగు దించేది, నేను బ్యాగు తగిలించుకునేదాన్ని. నిత్య నడక నేర్చింది రజిత వేలు పట్టుకునే. తనను పనిమనిషిలా చూడలేదు, ఒక్క గట్టి మాట అనలేదు, నా చీరలు కట్టుకుంది, నాతో కలిసి తిన్నది. ఇలా చెప్పుకోవడం కూడా ఒక తప్పించుకోవడమేనని తెలుసు. ఆ రోజుల్లో క్యాంపస్‌లో తరచూ బందులు, ధర్నాలు. లాబ్ మూసేసిన రోజు నేను ఇంట్లోనే ఉండేదాన్ని కదా, ఆ ఒక్క మధ్యాహ్నమైనా "పోయి చదువుకో, పిల్లను నేను చూసుకుంటా" అన్నానా? అనలేదు. తలుపు వేసుకుని థీసిస్ రాసుకున్నాను. అవతల రజిత పిల్లను గట్టిగా నవ్వనిచ్చేది కాదు, నాకు ఇబ్బందని.

ఒకరోజు నిత్య ఒళ్ళు కాలుతోందని ఎత్తుకుని డిపార్ట్‌మెంట్‌కే వచ్చింది. నేను పిల్లను భుజాన వేసుకుని సారుకు చెప్పి వచ్చేసరికి, నా మైక్రోస్కోపు పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. చూడమన్నాను. స్టూలు మీద కూర్చుని, కన్ను పెట్టి చాలాసేపు చూసింది. ఏమీ అడగలేదు. లేచాక స్టూలును మళ్ళీ ముందు ఎక్కడుందో అక్కడికే జరిపింది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. పిల్ల జ్వరానికే అనుకుని తనే నన్ను ఓదార్చింది.

నాకు డాక్టరేట్ వచ్చింది. రజితకు ఇంటర్లో అత్తెసరు మార్కులొచ్చాయి. తనకు చదువు అబ్బలేదని మా వాళ్ళంతా అనుకున్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. డిగ్రీలో చేరి మధ్యలో ఆపేసింది. పెళ్ళైంది. భర్త మంచివాడే, మెట్టుగూడలో మెకానిక్. నేను ఇప్పుడు అదే క్యాంపస్‌లో పాఠాలు చెబుతున్నాను. రజిత తార్నాకలో, ఉద్యోగాలకు పోయే తల్లులు చంటిపిల్లలను వదిలి వెళ్ళే చోట ఆయాగా పనిచేస్తోంది. ఆ పని ఇప్పించింది నేనే. "నా బిడ్డను పెంచిన చేతులు, కళ్ళు మూసుకుని పెట్టుకోండి," అని వాళ్ళకు గొప్పగా చెప్పాను.

ఈ వేసవిలో నిత్య పది పాసైంది. దానికీ బైపీసీయే కావాలట. ఒక కాలేజీ చూసి రావాల్సి వస్తే, పేపర్లు దిద్దే పని ఉందని చెప్పి రజితను తోడిచ్చి పంపాను. పేపర్లేమీ లేవు. ఇంకో కాలేజీ గేటు దాటడం నా వల్ల కాదు.

ఇద్దరూ మధ్యాహ్నానికి ఎండన పడి తిరిగొచ్చారు. కంచాల ముందు కూర్చోగానే నిత్య మొదలుపెట్టింది. "అమ్మా, అక్క లాబ్ నుంచి బయటికే రాలే. ఆ మేడమ్‌ని నాకంటే ఎక్కువ డౌట్స్ అడిగింది."

"ఊకె చూసిన," అని రజిత సిగ్గుపడింది.

"మరి నువ్వే బైపీసీ తీస్కోకపోయినవా అక్కా?"

"తీస్కోవాలనే ఉండె. పశువుల డాక్టర్ అయితననుకున్న. నేను తొమ్మిదిల ఉన్నప్పుడు మా బర్రె ఈనలేక సచ్చిపోయింది. డాక్టరొచ్చేసరికే పానం వోయింది. నేనే దాని తల ఒళ్ళ వెట్టుకోని కూసున్న." రజిత అన్నం కలుపుతూ నవ్వింది. "గవన్ని చిన్నప్పటి ముచ్చట్లు తియ్. మీ అమ్మ గంత ఎండల పోయి చూసొచ్చింది గాబట్టి బతికిపోయిన. లేకుంటె గా జ్వరాల హాస్టల్ల వడి ఏమయ్యేదాన్నో. నువ్వు గుడ మీ అమ్మ ఏది చెప్తె గది ఇను."

పెరుగు తెస్తానని వంటింట్లోకి పోయాను. పెరుగు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నా ఇంట్లో రెండేళ్ళు ఉన్న పిల్ల, నా బిడ్డను పెంచిన పిల్ల, బైపీసీ ఎందుకు కావాలనుకుందో నేను ఒక్కసారి కూడా అడగలేదు. అందరిలా డాక్టర్ కోరికే అనుకున్నాను. ఆ కోరిక తీరేది కాదులే అని కూడా అనుకున్నాను, అలా అనుకుంటేనే నాకు నిద్ర పట్టేది. ఆ కాలేజీలో చేరి ఉంటే రజిత నిజంగా పశువుల డాక్టర్ అయ్యేదా? ఏమో. కాకపోయి కూడా ఉండొచ్చు. కాకపోతే తనకు చేతకాక కాకపోయేది, అది వేరు.

చెప్పాలా? చెబితే రజిత తిట్టదు. నాకు తెలుసు. "పోనీ తియ్ చిన్నమ్మా," అంటుంది. ఆ మాట వినాలని ఉంది నాకు, ఎంత ఉందో చెప్పలేను. వింటే నా గుండె కుదుటపడుతుంది. తనకు మాత్రం, తన మంచి కోరి ఒకరు ఎండలో తిరిగారన్న నమ్మకం కూడా పోతుంది. సీటు తీసుకున్నాను, మధ్యాహ్నాలు తీసుకున్నాను, ఇప్పుడు అదీ తీసుకోనా? ఇదంతా దయ అనుకోకండి. నిత్యకు తెలిస్తే నన్నెలా చూస్తుందోనన్న భయం కూడా ఇందులో ఉంది. దయ ఎంతో పిరికితనం ఎంతో నేనే తేల్చుకోలేకపోతున్నాను.

క్షమాపణ అడగడం లేదు. ఇది రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతకు మించి నాకేమీ రాకూడదు. రజితకు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ పెట్టి పోతున్నాను, ఎవరో ఒకరైనా వినాలని.

మస్తు మంచిగున్నది బిడ్డా. నీళ్ళు మంచియే, నేను తాగిన. లాబ్ తెరిచే ఉన్నది. ఎవ్వరికి జ్వరాల్లెవ్వు. అన్నం వడ్డించినామె నీ పేరడిగింది, చెప్పిన. ఎప్పుడొస్తదని అడిగితె, ఎల్లుండి వస్తదని చెప్పొచ్చిన.